ఉతికిన చొక్కా

"ఆ చొక్కా ఎవరైనా అక్కణ్ణించి తీస్తారా, లేకపోతే నన్నే కిటికీలోంచి విసిరెయ్యమంటారా?"

అక్క ఈ మాట గోడకేసి చూస్తూ అంది. ఈ ఇంట్లో ఎవరితో ఏం చెప్పాలన్నా ఇప్పుడు గోడే మధ్యవర్తి.

ఎవరూ కదల్లేదు. బల్ల మీద నీలం గళ్ళ చొక్కా. కాలరు నిలబెట్టి, చేతులు వెనక్కి మడిచి, నడుముకి కాగితం పట్టీ చుట్టి, ఒక్క ముడత లేకుండా ఉంది. బావ చేతిలో పడ్డ బట్ట అలాగే ఉంటుంది. కింద మా బావ లాండ్రీ కొట్లో ఇలాంటివి రోజూ బీరువాలకొద్దీ పేరుస్తాడు. వాటికోసం ఎవరూ ఏడవరు.

"అమ్మా, నేను తీస్తాలే," అని పిట్ట చెయ్యి చాపింది.

"నువ్వు ముట్టుకోకు."

పిట్ట చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇరవై ఏళ్ళ పిల్ల, చిన్నప్పుడు తిట్లు తిన్నప్పటిలాగే గుమ్మానికి అతుక్కుపోయి నిలబడింది.

"పిన్నీ, నువ్వు రాకపోతే మా ఇంట్లో ఎవరో ఒకరు మిగలరు," అని అది ఫోన్ చేస్తే సెలవు పడేసి పరిగెత్తుకొచ్చాను. అసలు నా ఉద్యోగమే జనం గోడు వినడం. బిల్లు ఎక్కువొచ్చిందనీ, నెట్టు రావట్లేదనీ పొద్దస్తమానం ఫోన్లో తిడుతుంటారు. "మీ ఇబ్బంది మాకు అర్థమైందండీ" అంటూ ఊరందర్నీ చల్లబరుస్తాను. తీరా సొంత అక్క ముందు కూర్చుంటే నా నోరు పెగల్లేదు.

ఆ చొక్కా మా దొరది. అక్క కొడుకు, పిట్టకి అన్నయ్య. వాడికి దొర అని పేరు పెట్టింది బావే. కొట్లో పనికి రమ్మంటే మంచం దిగడు గనక, రోజూ పొద్దున్నే మెట్ల కింద నిలబడి "దొరా! దొరగారు లేచారా?" అని కేకేసేవాడు. రెండేళ్ళ కింద ఒక పొద్దున బండి మీద వెళ్ళిన దొర మళ్ళీ రాలేదు. ముందురోజు వేసుకున్న చొక్కా తలుపు వెనక మేకుకి వేలాడుతూ మిగిలింది. వాడు వేసుకుని విడిచిన చొక్కా. ఉతకని చొక్కా.

లాండ్రీ వాళ్ళింట్లో ఉతకని చొక్కా మిగలడమేంటని అప్పుడే అందరం ఆశ్చర్యపోయాం. "నాకోసం దేవుడు మిగిల్చాడే," అంది అక్క. కోట్లకి వాడే జిప్పు కవర్లో దాన్ని పెట్టి, గాలి చొరకుండా మూసి, బీరువాలో తన చీరల కింద దాచుకుంది. ఒక్కసారి కూడా తెరవలేదు. తెరిస్తే వాసన అయిపోతుందని భయం. కవరు మీద చెయ్యేసి కాసేపు కూర్చుని, మళ్ళీ లోపల పెట్టేసేది.

పిట్ట ఆ కవరు తెరిచింది. అదీ జరిగింది.

"ఎవరికోసం తెరిచావే?" అక్క గోడని అడిగింది.

"చెప్పాను కదమ్మా. గ్యాలరీ కోసం."

"గ్యాలరీ!" అక్క పళ్ళు నూరింది. "చదువు చెప్పాల్సిన యూనివర్సిటీ, చచ్చినవాళ్ళ చొక్కాలు పట్టుకెళ్ళి తమాషా చేస్తుందా?"

"తమాషా కాదమ్మా..."

"నువ్వు నోరు ముయ్యి."

పిట్ట మూసుకుంది.

దాని వైపు నుంచి కూడా చెప్పాలి నేను. దొర పోయాక ఈ పిల్ల కాలేజీ మానేసింది. ఏడాది పైగా గది తలుపు తీయలేదు. నేను బతిమాలినా, తిట్టినా, ఉలుకూ పలుకూ లేదు. చివరికి దాన్ని బయటికి లాగింది ఆ గ్యాలరీయే. యూనివర్సిటీ వాళ్ళు పెద్ద రోడ్డు మీద, పాత ప్రెస్సు ఖాళీ చేసిన బిల్డింగులో పెట్టారు. సైన్సు చదివినవాళ్ళూ, బొమ్మలు వేసేవాళ్ళూ కలిసి ఏదో ఒకటి తయారుచేస్తారు. టికెట్ లేదు. ముఖ్యంగా కుర్రకారు కోసం. చదువుతున్నవాళ్ళయినా సరే, మానేసినవాళ్ళయినా సరే. వచ్చినవాళ్ళకి దగ్గరుండి వివరించే పని కూడా పిల్లలకే ఇస్తారు. పిట్ట ఒకరోజు వాన పడుతుంటే తడవకుండా లోపలికెళ్ళి నిలబడింది. నెల తిరిగేసరికి పసుప్పచ్చ టీషర్టు వేసుకుని ఊరివాళ్ళకి వివరాలు చెప్తోంది. అది ఫోన్లో నవ్వడం ఆ రోజుల్లోనే మళ్ళీ విన్నాను.

ఈసారి వాళ్ళు పెట్టింది వాసనల ప్రదర్శన. పోయినవాటి వాసనలు. పిల్లలు ఇంటినుంచి ఒక వస్తువు తెస్తే, కెమిస్ట్రీ ప్రొఫెసరమ్మ దాన్ని గాజు జాడీలో పెట్టి, దాని మీదుగా వచ్చే గాలిని సన్నటి గొట్టంలో పట్టి, అందులో ఏమేం ఉన్నాయో తేల్చి, అచ్చం అలాంటి వాసనే కలిపి సీసాలో పోస్తుంది. ఒకడు చచ్చిపోయిన కుక్క మెడపట్టీ తెచ్చాడట. ఒకమ్మాయి కాలిపోయిన ఇంట్లో మిగిలిన పుస్తకం తెచ్చింది.

మా పిట్ట అన్నయ్య చొక్కా పట్టుకెళ్ళింది. అమ్మకి తెలియకుండా కవర్లో అదే రంగు చొక్కా ఇంకోటి పెట్టింది. పని కాగానే తెచ్చి యథాస్థానంలో పెట్టేస్తే అయిపోతుందనుకుంది, పిచ్చిమొహం. తెచ్చిన రోజు, పైన అమ్మ ఉందేమో చూసొద్దామని చొక్కా సంచీని కొట్లో కౌంటరు మీద పెట్టి మెట్లెక్కింది. దిగొచ్చేసరికి సంచీ ఖాళీగా ఉంది. చొక్కా వాషింగ్ మెషీను డ్రమ్ములో తిరుగుతోంది.

లాండ్రీ కౌంటరు మీద చొక్కా పెడితే ఏమవుతుందో ఈ ఇంట్లో పుట్టినదానికి తెలియదూ?

"కూతురు దొంగతనం చేసింది, తండ్రి ఉతికి పెట్టాడు," అంది అక్క. "ఇద్దరూ కలిసి వాణ్ణి రెండోసారి..."

అక్క లేచి లోపలికెళ్ళి తలుపేసుకుంది.

*

బావ కింద కొట్లోనే ఉన్నాడు. గొడవ మొదలైన దగ్గర్నుంచి అన్నం కూడా అక్కడే, పడక కూడా ఇస్త్రీ బల్ల కిందే.

నేను దిగేసరికి మూటలు విప్పి బట్టలు వేరుచేస్తున్నాడు. ఆయన పద్ధతి ఒకటుంది. ప్రతి బట్టనీ కాలరు దగ్గర పట్టుకుని ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. నూనె మరకా, చెమటా, పొగా, మందా, కంటికి కనపడకముందే ముక్కుకి తెలుస్తుందట. దాన్ని బట్టి ఏ కుప్పలో వెయ్యాలో అందులో వేస్తాడు. పెళ్ళైన కొత్తలో మేమంతా దీన్ని చూసి పడీ పడీ నవ్వేవాళ్ళం.

"బావా, అక్క మాట్లాడట్లేదు."

"ఊఁ."

"మీరైనా పైకొచ్చి ఒక మాట అనచ్చుగా?"

"ఏమనాలి?"

"పొరపాటైపోయిందని."

"అన్నాను."

"ఎప్పుడు?"

"మనసులో."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "మనసులో అంటే ఎవరికి వినపడుతుంది బావా? మా ఆఫీసులో మనసులో చింతిస్తే ఉద్యోగం ఊడుతుంది."

ఆయన నవ్వలేదు. ఒక తెల్ల చొక్కా ముక్కు దగ్గర పెట్టుకుని, "మళ్ళీ మొదలెట్టాడు సిగరెట్లు. వాళ్ళావిడకి తెలియదు పాపం," అని పక్కన పడేశాడు.

"ప్రతిదీ ఇలా వాసన చూసే వేస్తారు గదా," అన్నాను. "మరి ఆ రోజు..."

"చెప్పాను గదమ్మా. జలుబు. ముక్కు పని చెయ్యలేదు. గుడ్డల్లో ఒక గుడ్డ. చేతికొచ్చింది, వేశాను."

"ఇప్పుడు తగ్గిందా?"

"తగ్గింది."

ఆయన మళ్ళీ మూట మీదకి వంగాడు. ఈయన నోట్లో నాలుక లేని మనిషని మా వైపు అందరికీ తెలుసు. అంతకంటే గుచ్చి అడగలేకపోయాను.

"ఆ సీసాలో వాసన ఉందట బావా. పిట్ట చెప్తోంది. అచ్చం వాడిదే అంటోంది. అక్కని రేపు తీసుకెళ్తాను. వాడు అక్కడున్నాడని అక్కకి తెలిస్తే చాలు, పిల్లని క్షమించేస్తుంది. మిమ్మల్ని కూడా."

బావ చేతులు ఆగాయి.

"వాడిదేనంటోందా?"

"మీరూ రండి."

"కొట్టు ఎవరు చూస్తారు?" అన్నాడు.

*

అక్కని ఒప్పించడానికి నా ఉద్యోగం నేర్పిన విద్యలన్నీ వాడాను. ముందు బతిమాలాను, తర్వాత భయపెట్టాను, ఆఖరికి అలిగాను. "సీసాలో కొడుకేంటే, సిగ్గులేకుండా," అని నన్ను తిట్టి, తిట్టి, పొద్దున్నే నాకంటే ముందు తయారై కూర్చుంది. మంచి చీర కట్టుకుంది. అది చూసి నాకు భయమేసింది.

చొక్కా కూడా సంచీలో పెట్టుకుంది. ఎందుకని అడిగితే, "ఉండనీ," అంది.

బస్సు దిగి చూస్తే వెనక తలుపులోంచి బావ దిగుతున్నాడు. ఈయన కొట్టు మూసి రావడం మా ఎరుకలో అదే మొదలు. మాకు దూరంగా, ఎవరో పరాయివాళ్ళ వెనక నడిచినట్టు నడిచొచ్చాడు. అక్క చూసింది, చూడనట్టు ముందుకెళ్ళిపోయింది.

లోపలంతా కుర్రకారు. నేల మీద చతికిలబడి కొందరు, గోడలకి జారబడి కొందరు. ఒకడు కుక్క మెడపట్టీ ముందు నిలబడి ముక్కు తుడుచుకుంటున్నాడు, పక్కన స్నేహితుడు వాడి వీపు మీద చరుస్తున్నాడు. ఇద్దరమ్మాయిలు ఏదో గరాటు దగ్గర పకపకా నవ్వుతున్నారు. అందరూ మా దొర ఈడువాళ్ళే. అక్క నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి.

పిట్ట పసుప్పచ్చ టీషర్టులో ఎదురొచ్చింది. వెనకే ప్రొఫెసరమ్మ. ఆవిడ ఏదో చెప్పబోతే పిట్ట కళ్ళతోనే వద్దంది.

"ఇక్కడమ్మా," అంది.

నల్లటి స్టాండు మీద ఒక గాజు గరాటు. కింద కాలితో తొక్కే పెడల్. తొక్కితే గరాటులోంచి కాస్త గాలి వస్తుంది. పక్కన అట్ట మీద పిట్ట చేతిరాత. అక్క దాన్ని పైకే చదివింది.

"మా అన్నయ్య. పనికి పిలిస్తే రాడు. పిలవకపోతే అలుగుతాడు."

అక్క పెదవి ఒక పక్కకి కదిలింది. అది నవ్వే. నేను చూశాను, పిట్ట చూసింది. పిల్ల మొహం ఒక్కసారిగా వెలిగింది. గండం గడిచిందిరా భగవంతుడా అనుకున్నాను.

అక్క వంగి పెడల్ తొక్కింది.

నిలబడింది.

మళ్ళీ తొక్కింది.

"ఇదేనా?" అంది.

"ఇదేనమ్మా."

"సరిగ్గా వస్తోందా?"

"వస్తోందమ్మా. నాక్కూడా తెలుస్తోంది ఇక్కడికి." పిట్ట స్టాండు దగ్గరికి జరిగింది. "అమ్మా, ముక్కు అలవాటు పడిపోతే తెలియదు. మోచేతి మడతలో నీ వాసన నువ్వు ఒకసారి చూసుకుని, మళ్ళీ చూడు. అందరికీ అదే చెప్తాం."

అక్క బళ్ళో పిల్లలాగా చెప్పినట్టు చేసింది. మోచెయ్యి వాసన చూసుకుంది. కళ్ళు మూసుకుని మళ్ళీ వంగింది. ఈసారి చాలాసేపు లేవలేదు.

వెనక వరసలో పిల్లలు ఒకడుగు వెనక్కి వేశారు. ఎవరు చెప్పారో ఏమో.

అక్క లేచింది. కోపంగా ఉంటుందనుకున్నాను. కోపం లేదు. దారి తప్పినదానిలాగా మా మొహాలు ఒక్కొక్కటే చూసింది.

"నాకు తెలియట్లేదే," అంది.

"అమ్మా..."

"ఏదో కుర్రాడి వాసన. ఎవరిదైనా కావచ్చు. వీడా, వాడా, ఎవరైనా..." అని వరసలో ఉన్నవాళ్ళని చూపించింది. "నాకు నా కొడుకు వాసన గుర్తులేదే చెల్లీ."

"అక్కా, సీసాలోది కదా, కాస్త తేడా ఉంటుంది..."

"దాచుకున్నాను గదే. ఒక్కసారి కూడా చూసుకోలేదు. దాచుకుంటే ఉంటుందనుకున్నాను."

పిట్ట రెండు చేతులూ నోటికడ్డం పెట్టుకుంది. "నేనే తప్పు చేశాను, సరిగ్గా రాలేదేమో," అని గొణుగుతోంది. ప్రొఫెసరమ్మ దాని భుజం మీద చెయ్యేసింది.

అక్క కాలు ఇంకా పెడల్ మీదే ఉంది. బావ ఎప్పుడు దగ్గరికొచ్చాడో నేను చూడలేదు. ఎవర్నీ అడగలేదు. కొట్లో బట్ట అందుకున్నట్టే, అలవాటుగా, కొంచెం వంగి గరాటు దగ్గర ముక్కు పెట్టాడు.

"దొరా," అన్నాడు.

మామూలుగా అన్నాడు. మెట్ల కింద నిలబడి పైకి పిలిచినట్టు. అని, చటుక్కున తలెత్తి తలుపు వైపు చూశాడు. వాడు వస్తాడేమో అన్నట్టు చూశాడు. మరుక్షణం ఆయనకి తెలివొచ్చింది. స్టాండు పట్టుకుని నిలబడ్డాడు.

పిట్ట ఏడుపు ఆపేసింది. "నాన్నా, తెలిసిందా? అన్నయ్యే కదా నాన్నా?"

బావ తలూపాడు. పిట్ట ఆయన చేతిని రెండు చేతులతో పట్టుకుంది. పాపం, అది సంతోషిస్తోంది.

అక్క సంతోషించలేదు. అక్క బావనే చూస్తోంది.

"జలుబన్నావు," అంది.

పాతికేళ్ళ కాపురంలో బావని అక్క నువ్వనడం నేనెప్పుడూ వినలేదు.

"ఒక్కసారి వాసన చూసి గుర్తుపట్టావు. సీసాలోదే గుర్తుపట్టావు. చొక్కా చేతిలో పట్టుకుని గుర్తుపట్టలేదా?"

బావ గరాటు వంక చూశాడు.

"తెలిసే వేశావా?"

"అక్కా, ఇక్కడ కాదు, ఇంటికెళ్ళి..." అన్నాను.

"నువ్వుండవే. చెప్పు. తెలుసా, తెలియదా?"

"తెలుసు," అన్నాడు బావ.

పిట్ట ఆయన చెయ్యి వదిలేసింది.

"సంచీలోంచి తీయకముందే తెలిసింది," అన్నాడు. ఈ మనిషి ఒక్క ఊపిరిలో అన్ని మాటలు మాట్లాడటం అప్పుడే చూశాను. "లాండ్రీ వాడి ఇంట్లో ఉతకని చొక్కా ఎందుకు మిగిలిందని మీ వాళ్ళంతా అడిగారు. దేవుడు మిగిల్చాడన్నావు. దేవుడు కాదు. ముందురోజు రాత్రి వాడు కొట్లోకి తెచ్చి నా చేతికే ఇచ్చాడు. రేపు కావాలి నాన్నా అన్నాడు. పనికి రానివాడివి, నీ బట్టలు నువ్వే ఉతుక్కో పో అని మొహాన విసిరికొట్టాను. పట్టుకెళ్ళి మేకుకి తగిలించుకున్నాడు. పొద్దున పాత టీషర్టేసుకుని పోయాడు."

ఎవరో కుర్రాడు దగ్గి, ఆపుకున్నాడు.

"రెండేళ్ళు నువ్వు దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే చూశాను. ఇది ఎందుకు మిగిలిందో చెప్పలేకపోయాను. ఆ రోజు నా చేతికే వచ్చింది. ఉతకమని వాడే మళ్ళీ తెచ్చిచ్చినట్టు వచ్చింది. ఉతక్కుండా ఎలా ఉండను? చెప్పు, ఎలా ఉండను?"

నాకు కన్నీళ్ళాగలేదు. ఆయన్ని తిట్టాలో దగ్గరికి తీసుకోవాలో తెలియలేదు.

అక్క పెడల్ మీదనుంచి కాలు తీసింది. సంచీలోంచి చొక్కా తీసి చూసింది. నిలబెట్టిన కాలరు, కాగితం పట్టీ. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. సబ్బు వాసన తప్ప ఇంకేం ఉంటుంది? తెచ్చి గరాటు పక్కన, పిట్ట రాసిన అట్ట దగ్గర పెట్టింది.

"నువ్వు విసిరికొట్టబట్టి నాకు మిగిలింది," అంది. "మిగిలినదాన్నైనా ఉండనివ్వలేకపోయావు. నాకేమో చూసినా గుర్తు రాదు. నీకు మాత్రం గుర్తుంది. వాడు మొత్తం నీకే మిగిలాడు."

బావ ఆమె చెయ్యి అందుకోబోయాడు. అందలేదు.

"పిట్టా, ఇంటికి పద," అంది అక్క. ఇన్నాళ్ళకి పిల్లని పేరు పెట్టి పిలిచిన మాట అది. ఇంకెప్పుడైనా అయితే అది ఎగిరి గంతేసేది. ఇప్పుడు తండ్రి వంకా తల్లి వంకా చూసి, తలొంచుకుని అమ్మ వెనక నడిచింది.

గుమ్మం దగ్గర అక్క ఆగింది. వెనక్కి తిరక్కుండానే, "ఆయన్ని ఇంటికి రావద్దని చెప్పవే చెల్లీ," అంది. మళ్ళీ గోడలకే చెప్తోందనుకున్నాను. గోడకి కాదు, నాకే చెప్పింది.

అడకత్తెరలో పోకచెక్కలా మధ్యలో నిలబడిపోయాను. వరసలో ముందున్న కుర్రాడు నా దగ్గరికొచ్చి, మెల్లగా, "ఆంటీ, అంకుల్ది అయిపోయాక మేం చూడొచ్చా?" అనడిగాడు.

నేను వెనక్కి చూశాను. బావకి ఎవరి మాటా వినపడట్లేదు. వంగి మళ్ళీ పెడల్ తొక్కుతున్నాడు.